తేట

నా నోరు మంచిది కాదు. ఆ మాట ముందే నేనే చెప్పేస్తే మీకు వెతుక్కునే శ్రమ ఉండదు. కళాశాలలో గోడచిత్రాల స్టూడియోకి ఇరవై రెండేళ్ళుగా సహాయకురాలిని నేను. పేరుకే సహాయకురాలిని. సున్నం నానబెట్టేది నేను, ఇసుక జల్లించేది నేను, తాపీలు కడిగించి లోపల పెట్టించేది నేను, పిల్లల్ని తిట్టేదీ నేనే. పెద్ద మాస్టారు రోజుకోసారి వచ్చి, గోడ ముందు నిలబడి "ఊఁ" అని వెళ్ళిపోతారు. మిగతా భారమంతా నా నెత్తినే.

పిల్లలు నాకు గాగులమ్మ అని పేరు పెట్టారు. నాకు తెలియదనుకుంటారు వెధవలు. గాగుల్స్ లేకుండా నా గుమ్మం దాటినవాళ్ళకి ఆ రోజు మూడినట్టే. పెట్టుకున్నట్టే పెట్టుకుని, ఆవిరి పట్టిందని నుదుటి మీదకి తోసేసేవాళ్ళని చూస్తే ఇంకా ఒళ్ళు మండేది. "ఏం నాయనా, కళ్ళు నెత్తికెక్కాయా?" అని కింది నుంచి ఒక్క అరుపు అరిచేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు, గాగుల్స్ టక్కున కిందికి దిగేవి. ఇరవై రెండేళ్ళలో నా స్టూడియోలో ఒక్క కంటికి దెబ్బ తగల్లేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ మాట చెప్పుకునేదాన్ని.

నాది ఇంకో నియమం కూడా ఉంది. తీసిన వస్తువు తీసినచోటే పెట్టాలి. జల్లెడైనా సరే, చీపురైనా సరే. ఈ రెండూ పాటిస్తే మీ జోలికి రానని మొదటి రోజే చెప్పేసేదాన్ని.

మా అక్క కూతురు ఆ స్టూడియోలోనే మూడో ఏడు చదువుతోంది. ఇంట్లో గువ్వ అంటాం. కాలేజీలో మేడమ్ అనాలని షరతు పెట్టాను. గేటు దాటితే మళ్ళీ పిన్నినే. మా అక్క బట్టలు కుడుతుంది. దగ్గరి చూపు తగ్గిపోయింది, సూదిలో దారం ఎక్కించలేదు. అందుకని గువ్వ రోజూ పొద్దున్నే పది సూదులకి దారాలెక్కించి, దిండుకి గుచ్చి కాలేజీకి వస్తుంది. దాన్ని చేర్పించిన రోజు అక్క నా చెయ్యి పట్టుకుని, "నాకేం బెంగ లేదే. నీ కళ్ళ ముందే ఉంటుంది కదా" అంది.

"నీ కూతుర్ని కంటికి రెప్పలా చూసుకుంటాలే, ఇంక ఏడుపు ఆపు" అన్నాను. వెటకారంగానే అన్నాను గానీ, మనసులో అలాగే అనుకున్నాను.

పిల్ల పని బాగుంటుంది. నా అక్క కూతురని చెప్పడం లేదు. పెద్ద మాస్టారు "ఊఁ" అన్నాక ఇంకో రెండు నిమిషాలు నిలబడేది దాని గోడ ముందే.

తేట గురించి చెప్పకపోతే జరిగింది మీకు అర్థం కాదు. తొట్టిలో సున్నం అడుగుకి దిగాక పైన నిలిచే నీటిని మేము తేట అంటాం. చూడటానికి అచ్చం మంచినీళ్ళే. కానీ సున్నం ఘాటంతా అందులో ఉంటుంది. వేలు ముంచితే జారుడుగా తగులుతుంది, చెయ్యి ఆరితే తెల్లటి పొర కడుతుంది. రంగులు కలపడానికీ, గోడ మీద ఆరిపోతున్న సున్నపు గారని తడపడానికీ మాకు అదే ఆధారం. బయటివాళ్ళు తేట అంటే శుభ్రమైన నీళ్ళనుకుంటారు. మాకు మాత్రం అది కంటికి తగలకూడని వస్తువు.

అది జరిగిన ముందురోజు మధ్యాహ్నం గోడ తడిపే పంపు పాడైంది. గువ్వ గోడ మీద గార అంచులు చకచకా ఆరిపోతున్నాయి. మగ్గుతో పోస్తే రంగు కారిపోతుంది. గుడ్డతో అద్దితే గీత చెదిరిపోతుంది. ఏం చెయ్యాలా అని అటూ ఇటూ చూస్తే, తలుపు పక్కన గోడకి బిగించిన సీసా కనిపించింది. కంట్లో ఏమైనా పడితే కడుక్కోవడానికని పెట్టిన సీసా అది. అర లీటరు ఉంటుంది, మెత్తటి ప్లాస్టిక్కు, నొక్కితే సన్నటి ధార మెల్లగా వస్తుంది. గోడ తడపడానికి అంతకన్నా ఏం కావాలి? ఇన్నేళ్ళలో దాని మూత తీసిన పాపాన ఎవరూ పోలేదు.

అందులోని మందునీళ్ళు సింకులో ఒంపేశాను. అవును, నా ఈ చేతులతోనే ఒంపేశాను. తొట్టిలో నుంచి తేట ముంచి నింపాను. ఎవరైనా పొరబడతారేమోనని తెల్ల టేపు అంటించి, "తేట" అని పెద్ద అక్షరాలతో రాసి మరీ గువ్వ చేతికిచ్చాను. అంత జాగ్రత్తపరురాలిని! సాయంత్రం శుభ్రంగా కడిగేసి, కొత్త నీళ్ళు తెప్పించి, దాని చోట దాన్ని పెట్టేద్దాం అనుకున్నాను.

సాయంత్రం నాకు పిలుపొచ్చింది. కాలేజీ భద్రతా కమిటీ మీటింగు. ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదం కూడా జరగని స్టూడియో అని నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టారు. నేను తిరిగొచ్చేసరికి గువ్వ స్టూడియో అంతా సర్దేసి, నేల తుడిచేసి, తాళం వేసి తాళంచెవి చేతికిచ్చింది. "అన్నీ తీసినచోటే పెట్టాను మేడమ్" అంది నవ్వుతూ. నేను బుగ్గ గిల్లాను. సీసా సంగతి నాకు గుర్తే రాలేదు.

మర్నాడు పదకొండు గంటలకి గువ్వ పరంజా మీద ఉంది. గోడ పైభాగంలో కొత్త గార మెత్తుతోంది. తాపీ పైకి తోస్తోంది, మెడ వెనక్కి వాల్చింది. దాని గాగుల్స్ పాతబడి గీతలు పడ్డాయి. పైగా ఆవిరి. నిన్నటి పూతకీ ఇవాళ్టి పూతకీ మధ్య అతుకు కనపడక, మోచేత్తో గాగుల్స్‌ని నుదుటి మీదకి తోసుకుంది. నేను చూశాను. "కళ్ళు" అనేదాకా వచ్చింది నా నోట్లోంచి. మిగతా మాట రాకముందే నిమ్మకాయంత గార ముద్ద గోడ నుంచి జారి, తిన్నగా దాని కుడికంట్లో పడింది.

తాపీ కింద పడింది. ఆ వెనకే గువ్వ నిచ్చెన మీద నుంచి జారుతూ దిగింది. కళ్ళు నలుపుకోబోతుంటే రెండు చేతులూ పట్టేసుకున్నాను. "నలపకే! నలపకు! చచ్చిపోతావు!" అని అరిచాను. కిందే ఉన్న ఇద్దరు అమ్మాయిలు బిక్కచచ్చి నిలబడ్డారు. "కాళ్ళు పట్టుకోండే, కళ్ళప్పగించి చూస్తారేం!" అని వాళ్ళనీ తిట్టాను. గోడ మీది సీసా ఒక్క ఊపులో లాగాను. మూత ఊడదీశాను. గువ్వ తల నా చంకలో ఇరికించుకుని, రెప్పలు వేళ్ళతో విడదీసి, నొక్కడం మొదలుపెట్టాను.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. అది రాసి ఉన్న కాగితం గోడకి అంటించిందే నేను. రెప్పలు తెరిచి పట్టుకోవాలి, మనిషి గింజుకున్నా వదలకూడదు, కనీసం ఇరవై నిమిషాలు కడగాలి. ఒక్కటీ తప్పకుండా అన్నీ చేస్తున్నాను. ఆ క్షణంలో కూడా నా మీద నాకు కొంచెం గర్వంగానే ఉంది. అది తలచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

గువ్వ ఒక్కసారిగా ఎగిరిపడింది. "తేట!" అని అరిచింది. "పిన్నీ, తేట! తేట!"

కంట్లో పడిందేమిటో చెబుతోందనుకున్నాను. గారతో పాటు తేట కూడా పడిందని. "తెలుసే, తెలుసు. అందుకేగా కడుగుతున్నాను. ఓర్చుకో నా తల్లీ" అన్నాను.

"కాదు పిన్నీ, తేట..." అంటూ నా చెయ్యి గీరేసింది. తల విదిలించుకోబోయింది. నాకు బలం ఎక్కువ. ముప్పై కిలోల సున్నం బస్తాలు మోసిన చేతులు ఇవి. జుట్టు గుప్పిట పట్టి, మెడ కదలకుండా అదిమి, కన్ను ఇంకా వెడల్పుగా తెరిచాను. "మొండి పిల్లా, కన్ను పోగొట్టుకుంటావా?" అని గదమాయించాను. సీసా పూర్తిగా అణిగిపోయేదాకా నొక్కాను. ఒక్క చుక్క కూడా మిగల్చలేదు.

సీసా అయిపోయింది. ఇంకోదాని కోసం చెయ్యి చాపాను. ఆ చెయ్యి చూసుకున్నాను. వేళ్ళు ఆరుతున్నాయి. ఆరినచోట తెల్లటి పొర.

సీసా తిప్పాను. గోడవైపు తిరిగి ఉన్న పక్కన టేపు ఉంది. నా చేతిరాత. గుండ్రంగా, పెద్దగా, ఎవరూ పొరబడకుండా.

కంట్లో పడిందేమిటో అది చెప్పలేదు. నేను పోస్తున్నదేమిటో చెప్పింది. మొదటి చుక్కకే కనిపెట్టింది. నిన్న సాయంత్రందాకా అదే సీసాని మళ్ళీ మళ్ళీ నింపుకుంటూ గోడ తడిపింది కదా. సర్దేటప్పుడు తీసినచోటే పెట్టింది కదా, నేను నేర్పినట్టే. మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి కూడా చెప్పబోతే నేను నోరు మూయించాను.

సీసాని తీసినచోట పెట్టలేదు, నేల మీదకి విసిరేశాను. జీవితంలో మొదటిసారి.

స్టూడియో సింకు నిండా గార బకెట్లు. కొళాయి తిప్పితే దారంలా వస్తోంది. పిల్లని రెండు చేతులా ఎత్తుకుని వరండా చివరి బాత్రూముకి పరిగెత్తాను. అక్కడి కొళాయి కింద తల పెట్టించి, నీళ్ళు అరచేతిలోకి తీసుకుని కంట్లోకి పోస్తూనే ఉన్నాను. అద్దంలో గోడగడియారం తిరగేసి కనిపిస్తోంది. ఆ తిరగేసిన లెక్కే చూస్తూ నిమిషాలు లెక్కపెట్టాను. అయిదు. ఎనిమిది. పదకొండు. "దేవుడా, దేవుడా" అంటున్నాను. గువ్వ అరవడం మానేసింది. అది అరిచినప్పటికన్నా అరవనప్పుడు నాకు ఎక్కువ భయం వేసింది.

"పిన్నీ, ఇప్పుడు మంచినీళ్ళే" అంది చిన్నగా. నాకు ధైర్యం చెబుతోంది పిచ్చిది.

కాలేజీ వ్యాను వచ్చింది. పిల్లలు తమ నీళ్ళ సీసాలన్నీ తెచ్చి వ్యానులో పడేశారు. గువ్వ తల ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా పోస్తూనే ఉన్నాను. ముందు సీట్లో పెద్ద మాస్టారు కూర్చున్నారు. కాసేపయ్యాక వెనక్కి తిరగకుండానే, "ఆ సీసా సంగతి ఇప్పుడు ఎత్తకండి. నీళ్ళతో కడిగామనండి చాలు. అబద్ధం కాదుగా, నీళ్ళతోనూ కడిగారు" అన్నారు.

"మీరు ఊఁ అనడం వరకే బాగుంటుంది మాస్టారూ" అన్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సున్నం ఘాటు తెలిపే చిన్న కాగితం ముక్క కంటి మూలకి తాకించింది. కాగితం ముదురు నీలంగా మారింది. ఆవిడ ముఖం కూడా మారింది. గబగబా సెలైను గొట్టం పెట్టించి, రెప్ప తిరగేసి, దూదిపుల్లతో లోపలి గార తీస్తూ అడిగింది.

"వెంటనే కడిగారా?"

"కడిగాను."

"దేంతో?"

మాస్టారు నా వైపు చూశారు. నీళ్ళతో అనడానికి రెండు క్షణాలు పట్టదు. కానీ ఆ కాగితం ఇంకా నీలంగానే ఉంది, ఆ కన్ను ఆవిడ చేతిలో ఉంది.

"మొదట సున్నపు తేటతో. మంచినీళ్ళనుకుని. అర లీటరు, మొత్తం పోశాను. తర్వాత కొళాయి నీళ్ళు."

డాక్టరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తిట్టలేదు. ఎన్ని నిమిషాలని అడిగి, కాగితం మీద రాసుకుని, ఇంకో సెలైను సీసా తెమ్మని నర్సుకి చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేదని అనిపించింది. తిట్లంటే ఏమిటో నాకు తెలుసు, వాటిని భరించగలను.

అక్క వచ్చింది. భుజం మీద కొలత టేపు అలాగే వేలాడుతోంది, చెప్పులు రెండు రెండు రకాలు. పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని భోరుమంది. "నువ్వున్నావు కాబట్టి సరిపోయిందే. ఇంకెవరైనా అయితే చేతులు ముడుచుకుని నిలబడేవాళ్ళు. నువ్వున్నావు కాబట్టి!" అంటూ నా చేతులు కళ్ళకి అద్దుకుంది. ఆ తెల్లటి పొర ఇంకా ఉన్న చేతులు. చెప్పాలనుకున్నాను. గొంతు దాకా వచ్చింది. దాని కన్నీళ్ళు చూసి మింగేశాను. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు వచ్చింది, ఎల్లుండి కూడా వచ్చింది.

ఆ మూడు రోజులూ నేను తిండి తిన్నానో లేదో గుర్తు లేదు. గువ్వ మంచం పక్కనే కూర్చునేదాన్ని. కుడికంటికి కట్టు. ఎడమకంటితో పైకప్పు చూస్తూ, "ఆ మూల పెచ్చు ఊడింది మేడమ్. గార సరిగ్గా పట్టలేదు" అనేది. నవ్వించాలని చూసేది. నేను నవ్వేదాన్ని. నా కన్ను తీసి పెట్టినా బాగుండును, ఇరవై ఏళ్ళ పిల్ల కన్ను, గీత చూసి గీత గీసే కన్ను అని లోలోపల కుమిలిపోయేదాన్ని. సీసా మాట అది ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నాలుగో రోజు కట్టు విప్పారు. అక్క మంచం తలాపున, నేను కాళ్ళ దగ్గర. డాక్టరమ్మ దాని ఎడమకన్ను మూసి, చెయ్యి ముందుకి చాపింది.

"ఏం కనిపిస్తోందమ్మా?"

"తెల్లగా ఉంది."

"చెయ్యి తెలుస్తోందా?"

"కదిలిస్తే తెలుస్తోంది."

డాక్టరమ్మ ఇంకా దగ్గరికి జరిగింది. "ఇప్పుడు చూడు. ఎన్ని వేళ్ళు?"

గువ్వ చాలాసేపు చూసింది. మెడ అటూ ఇటూ వంచింది. గోడ ముందు నిలబడి అతుకు వెతికేటప్పుడు అలాగే వంచుతుంది. చివరికి, "రెండా?" అని అడిగింది.

డాక్టరమ్మ నాలుగు వేళ్ళు చూపిస్తోంది.

డాక్టరమ్మ మళ్ళీ కట్టు కట్టి, "ఇంకొన్నాళ్ళు చూద్దాం. కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి" అంది.

అక్కకి ఆ మాట ఎక్కలేదు. "అదేంటండీ? మా చెల్లెలు వెంటనే కడిగింది కదా. క్షణం ఆలస్యం చెయ్యలేదట. వెంటనే కడిగితే ఏం కాదంటారు కదా. మరి ఎందుకిలా అయ్యింది?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. చేతిలో కాగితాలున్నాయి, నేను చెప్పింది అందులో రాసి ఉంది. ఆవిడకన్నా ముందు మాట్లాడింది గువ్వ.

"తప్పు నాదేనమ్మా. నేనే గాగుల్స్ తీశాను. పిన్ని రోజూ చెబుతూనే ఉంటుంది. నేనే వినలేదు."

పోయిన కన్ను దానిది, తప్పు కూడా అదే మోస్తోంది. నన్ను కాపాడటానికి. ఆ మాట విని కూడా కూర్చుని ఉంటే నేను మనిషిని కాదు.

"అక్కా" అన్నాను. "గాగుల్స్ తీసింది అదే. కానీ నేను కడిగింది నీళ్ళతో కాదు. తేటతో. సున్నపు తేట. కంటికని పెట్టిన సీసాలో మందునీళ్ళు పారబోసి తేట నింపింది నేను. పిల్ల దాన్ని నేను నేర్పినట్టే దాని చోట పెట్టింది. నేను తీసి, ఆ తేటంతా దాని కంట్లో పోశాను."

నేను చెప్పిన మాటలు ఒక్కొక్కటీ అక్కకి చేరుతున్నట్టున్నాయి. తలాపున ఉన్న చెయ్యి గువ్వ జుట్టులోకి వెళ్ళింది. నేను గుప్పిట పట్టిన జుట్టే.

"పిన్నీ, ఎందుకిప్పుడు..." అంది గువ్వ.

"నువ్వుండవే" అంది అక్క. గొంతు పెంచలేదు. నన్నే అడిగింది. "అది నీకు చెప్పలేదా? నీళ్ళు కావని దానికి తెలియలేదా?"

"తెలిసింది. చెప్పింది."

"మరి నీకు వినపడలేదా?"

వినపడలేదంటే సరిపోయేది. హడావిడిలో వినపడలేదంటే ఎవరైనా నమ్ముతారు, అక్కే ముందు నమ్ముతుంది. గువ్వ ఎడమకన్ను నా మీదే ఉంది. ఆ అబద్ధం ఆడమనే చూస్తోంది.

"వినపడిందక్కా" అన్నాను. "మూడుసార్లు చెప్పింది. తెలుసే, తెలుసు అన్నాను."